ఆఫీసు సిస్టమ్స్ ఆగిపోకముందే పసిగట్టడం ఎలా: అడ్మిన్ పని చూసేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

ఒక నెల 18వ తారీఖు పొద్దున మా ఆఫీసులో బిల్లింగ్ డేటా ఉన్న మెయిన్ సిస్టమ్ ఆన్ కాలేదు. హార్డ్ డిస్క్ పోయింది. బ్యాకప్ ఉంది కదా అని అందరం ధైర్యంగానే ఉన్నాం, ఎందుకంటే రోజూ సాయంత్రం ఆరున్నరకి డేటా దానంతట అదే పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లేలా పెట్టించాం, ఆ పెన్‌డ్రైవ్ లైటు రోజూ వెలుగుతూనే కనిపించేది. తీసి చూస్తే అందులో ఆఖరి ఫైలు 41 రోజుల కిందటిది. పెన్‌డ్రైవ్ నిండిపోయింది, అప్పటి నుంచి ఒక్క ఫైలు కూడా అందులోకి వెళ్లలేదు. రెండు రోజుల్లో జీఎస్టీఆర్-3బీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్ వేయాలి. అమ్మకాల లెక్క కొంత జీఎస్టీ పోర్టల్‌లో దొరికింది గానీ స్టాకు, వసూళ్లు, చెల్లింపులు మాత్రం కాగితాలు ముందేసుకుని ఐదుగురం అర్ధరాత్రి దాకా మళ్లీ ఎక్కించాం.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది: బ్యాకప్‌కి ఏర్పాటు చేశాం, అది జరుగుతోందా లేదా అని చూసే పని మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు. ఆఫీసులో సిస్టమ్స్ మీద నిఘా అంటే పెద్ద పెద్ద స్క్రీన్లు, గ్రాఫులు అవసరం లేదు. ఎవరో ఒకరు రోజూ చూడాలి, చూసింది రాయాలి, నిన్నటితో పోల్చాలి. అంతే. ఆ ఎవరో ఒకరు అడ్మినే అవుతారు, ఎందుకంటే ఏం ఆగిపోయినా ముందు మన దగ్గరికే వస్తారు.

మాది విజయవాడలో మందుల హోల్‌సేల్ ఆఫీసు, ఇరవై మందిమి ఉంటాం, ఐటీ డిపార్ట్‌మెంట్ లేదు, ఏఎంసీ, అంటే ఏడాది మరమ్మతుల కాంట్రాక్టు తీసుకున్న కుర్రాడు ఫోన్ చేస్తే వస్తాడు. మీ ఆఫీసు కూడా పదికి, నలభైకి మధ్య మనుషులతో ఇలాగే నడుస్తుంటే ఇక్కడ రాసింది దాదాపు ఉన్నదున్నట్టు పనికొస్తుంది. స్కూలైనా, ఆస్పత్రైనా, ఆడిటర్ ఆఫీసైనా పోర్టల్స్ పేర్లు మారతాయి, పద్ధతి మారదు.

మొదటి అడుగు: ఏమేం ఉన్నాయో రాయండి

ఒక రోజు మధ్యాహ్నం పుస్తకం, పెన్ను పట్టుకుని ఆఫీసంతా తిరగండి. కుర్చీలో కూర్చుని గుర్తున్నవి రాస్తే సగం తప్పిపోతాయి, నేను మొదటిసారి అలాగే చేసి ఫ్రిజ్ దగ్గర ఉష్ణోగ్రత రికార్డు చేసే చిన్న డబ్బాని మర్చిపోయాను, మందుల వ్యాపారంలో అది చాలా ముఖ్యమైన పరికరం, ఇన్సులిన్, వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి.

కంప్యూటర్లు, ప్రింటర్లు, రూటర్, యూపీఎస్, బయోమెట్రిక్ మెషీన్, సీసీ కెమెరాల రికార్డర్ అన్నీ రాయండి. తర్వాత సాఫ్ట్‌వేర్లు: టాలీ, బిల్లింగ్, జీతాల షీటు, యాంటీవైరస్. ఆ తర్వాత అసలైన భాగం, కంటికి కనిపించనివి: ఆఫీసు మెయిల్, వెబ్‌సైట్ పేరు, జీఎస్టీ పోర్టల్, ఈ-వే బిల్లు, ఈ-ఇన్వాయిస్, పీఎఫ్, ఈఎస్ఐ, ఇన్‌కమ్ ట్యాక్స్, బ్యాంకు లాగిన్లు, డిజిటల్ సంతకాలు. ఒక్కోదాని ఎదురుగా నాలుగు సంగతులు ఉండాలి. ఎవరు వాడుతున్నారు, ఎప్పటితో గడువు అయిపోతుంది, పాడైతే ఎవరికి ఫోన్ చేయాలి, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది.

ఈ ఓటీపీ సంగతి దగ్గర కొంచెం ఆగుతాను. చిన్న ఆఫీసుల్లో ఎప్పుడో రిజిస్ట్రేషన్ చేసిన రోజున పక్కన ఎవరుంటే వాళ్ల నంబర్ ఇచ్చేస్తారు. ఆ మనిషి రెండేళ్లకి ఉద్యోగం మానేసి వెళ్లిపోతాడు, నంబర్ మాత్రం పోర్టల్‌లో అలాగే ఉంటుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు, ఈ-ఇన్వాయిస్ పోర్టల్స్‌లో లాగిన్‌కి రెండో ధ్రువీకరణ అందరికీ తప్పనిసరి అయింది. అంటే లారీలో సరుకు ఎక్కించేసి, డ్రైవర్ గేటు దగ్గర నిలబడి ఉంటే, మానేసిన మనిషికి ఫోన్ చేసి "అన్నా, ఒక ఓటీపీ వచ్చిందేమో చూస్తారా" అని బతిమాలాలి. ఆయన మంచివాడైతే చెప్తాడు, ఫోన్ ఎత్తకపోతే లారీ కదలదు. అందుకే ఆఫీసు పేరు మీద ఒక సిమ్ తీసుకోండి, ఆ ఫోన్ ఆఫీసులోనే ఉండాలి, అన్ని రిజిస్ట్రేషన్లూ మెల్లగా దానికి మార్చండి. ఈ-వే బిల్లులో సబ్ యూజర్లని పెట్టుకునే వీలుంది, బిల్లులు కొట్టేవాళ్లకి విడివిడిగా ఇచ్చేయండి.

గడువుల్లో ఎక్కువగా దెబ్బ తీసేవి రెండు. ఒకటి డిజిటల్ సంతకం, గరిష్ఠంగా మూడేళ్లే చెల్లుతుంది, రెన్యువల్‌కి సంతకం ఎవరి పేరు మీద ఉందో ఆ సార్ వీడియోలో కనిపించాలి, ఆయనకి వీలు కాకపోతే ఆగిపోతుంది, కాబట్టి నెల ముందే మొదలుపెట్టాలి. రెండోది వెబ్‌సైట్ పేరు. దాని గడువు దాటితే వెబ్‌సైటే పోతుందని అనుకుంటారు, ఆ పేరుతో నడిచే ఆఫీసు మెయిల్స్ కూడా ఆగిపోతాయి. గుర్తు చేసే మెయిల్ ఎప్పుడో వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడికి వెళ్తుంటుంది, మనకి రాదు.

రెండో అడుగు: ఏది ఆగితే పని ఆగుతుంది?

జాబితా నలభై, యాభై వరుసలు అవుతుంది. అన్నీ రోజూ చూడలేం. ఒక్కోదాని మీద వేలు పెట్టి, ఇది రెండు గంటలు ఆగితే ఏమవుతుంది, రెండు రోజులు ఆగితే ఏమవుతుంది అని అడగండి. మా దగ్గర బిల్లింగ్ రెండు గంటలు ఆగితే మందుల షాపుల వాళ్లు వేరే హోల్‌సేలర్ దగ్గరికి వెళ్లిపోతారు. కలర్ ప్రింటర్ రెండు రోజులు ఆగినా ఎవరికీ ఏమీ కాదు. మొదటి రకాన్ని రోజూ, మధ్యలోవాటిని వారానికోసారి, మిగతావి నెలకోసారి చూస్తే చాలు.

తారీఖుల్ని బట్టి కూడా ప్రాముఖ్యం మారుతుంది, గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకోండి. నెల నెలా వేసేవాళ్లకి మామూలుగా టీడీఎస్ కట్టడానికి 7, జీఎస్టీఆర్-1కి 11, పీఎఫ్, ఈఎస్ఐకి 15, 3బీకి 20. ఆ తారీఖుకి ముందు రెండు రోజుల్లో విండోస్ అప్‌డేట్లు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ మార్పులు, కొత్త రూటర్ బిగించడాలు పెట్టుకోవద్దు. ఏఎంసీ కుర్రాడు "మేడమ్, ఖాళీగా ఉన్నాను, ఇప్పుడు వచ్చి ఫార్మాట్ కొట్టేయనా" అని 19న అడిగితే 22న రమ్మనండి.

మూడో అడుగు: మామూలు రోజు ఎలా ఉంటుందో అంకెల్లో రాసుకోండి

ఇది ఎవరూ చేయరు, కానీ ఇది లేకపోతే మిగతాదంతా వృథా. సిస్టమ్ స్లో అయింది అంటారు. ఎంత స్లో? ఇదివరకు ఎంత ఉండేది? ఎవరికీ తెలియదు. అన్నీ బాగా నడుస్తున్న ఒక వారం చూసుకుని ఈ అంకెలు రాయండి: మెయిన్ సిస్టమ్ ఆన్ చేశాక బిల్లింగ్ తెరుచుకోవడానికి ఎన్ని నిమిషాలు, సీ డ్రైవ్‌లో ఎంత ఖాళీ, బ్యాకప్ ఫైలు సైజు ఎంత, నెట్ స్పీడు పొద్దున పదికి ఎంత, నాలుగింటికి ఎంత, రోజుకి సుమారు ఎన్ని బిల్లులు, కరెంటు పోతే యూపీఎస్ ఎన్ని నిమిషాలు లాగుతుంది.

ఈ అంకెలు మీ ఆఫీసువే అయ్యుండాలి. ఇంకో ఆఫీసులో బ్యాకప్ ఫైలు 2 జీబీ ఉంటే మీది 300 ఎంబీ ఉండొచ్చు, రెండూ సరైనవే. చూడాల్సింది మార్పుని.

నాలుగో అడుగు: పొద్దున పదిహేను నిమిషాలు

నేను తొమ్మిదిన్నరకి వస్తాను, బిల్లింగ్ పదింటికి మొదలవుతుంది. ఆ అరగంటలో టీ తాగుతూనే ఇవి అయిపోతాయి.

మొదట బ్యాకప్. బ్యాకప్ సక్సెస్ అని వచ్చే మెసేజ్‌ని నమ్మకండి, ఫోల్డర్ తెరిచి ఆఖరి ఫైలు తారీఖు, సైజు చూడండి. సైజు రోజూ కొంచెం కొంచెంగా పెరుగుతూ ఉండాలి, ఎందుకంటే రోజూ కొత్త బిల్లులు పడుతున్నాయి కదా. వరసగా మూడు రోజులు ఒక్క కేబీ కూడా తేడా లేకుండా ఉందంటే పాత ఫోల్డర్‌నే మళ్లీ మళ్లీ కాపీ చేస్తోందని అనుమానించండి. ఉన్నట్టుండి సగానికి పడిపోయినా ప్రమాదమే. తారీఖు, సైజు రెండూ రిజిస్టర్‌లో చేత్తో రాయండి. చేత్తో ఎందుకంటే, రాయాలంటే చూడక తప్పదు.

తర్వాత బయోమెట్రిక్ గడియారం. మీ ఫోన్ టైముతో పోల్చండి. మా మెషీన్ ఒకసారి పన్నెండు నిమిషాలు ముందుకి వెళ్లిపోయింది, ఎవరూ గమనించలేదు, నెలాఖరుకి ప్యాకింగ్‌లో పనిచేసే ముగ్గురికి లేటు పడి సగం రోజు జీతం కోత వచ్చింది. వాళ్లు రోజూ టైముకే వచ్చారు. అడిగితే ఎదురుచెప్పినట్టు ఉంటుందేమో అని ఒక్కరూ నోరెత్తలేదు, పక్క సెక్షన్ అక్క చెప్తే నాకు తెలిసింది. మన చేతిలో ఉన్న సమాచారం తప్పైతే ఒక ఇంట్లో బియ్యం డబ్బులు తగ్గుతాయి, అందుకే దీన్ని నేను చిన్న విషయంగా చూడలేను. పదిన్నరకి ఇంకో పని చేయండి: మెషీన్‌లో ఎన్ని పంచ్‌లు పడ్డాయో, ఎదురుగా ఎంతమంది ఉన్నారో లెక్క సరిచూడండి. అట్టపెట్టెలు మోసేవాళ్ల వేలిముద్రలు అరిగిపోతాయి, మెషీన్ తీసుకోదు, వాళ్లు నాలుగుసార్లు పెట్టి వెళ్లిపోతారు. అలాంటివాళ్లకి కార్డో, ముఖం గుర్తుపట్టే పద్ధతో పెట్టించండి.

నెట్ సంగతికి ఒక చిన్న చిట్కా. స్టార్ట్ దగ్గర సీఎండీ అని కొట్టి నల్ల విండోలో ముందు మీ రూటర్‌కి పింగ్ కొట్టండి, అంటే ping అని కొట్టి, ఖాళీ వదిలి దాని అడ్రస్ కొడితే అది పలుకుతోందో లేదో తెలుస్తుంది, ఎక్కువ రూటర్లకి అడ్రస్ 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. తర్వాత బయట గూగుల్ నడిపే 8.8.8.8 అనే అడ్రస్‌కి కొట్టండి. రూటర్ పలికి బయటిది పలకకపోతే తప్పు చాలావరకు నెట్ కంపెనీవాళ్లది, వాళ్లకి ఫోన్ చేయండి. రూటరే పలకకపోతే కేబులో, స్విచ్చో, రూటరో, అది మన ఆఫీసులోపలి సంగతి. ఈ రెండు నిమిషాల పని చేసి ఫోన్ చేస్తే "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అనే మాటలతో అరగంట పోదు.

ఆఖరున మెయిల్‌లో గడువు గుర్తుచేసేవి, స్టోరేజ్ నిండిందని చెప్పేవి వచ్చాయేమో చూడండి. చాలా ఆఫీసులు ఇంకా ఉచిత జీమెయిల్ మీదే నడుస్తున్నాయి, దానికి 15 జీబీయే, అందులోనే డ్రైవ్, ఫోటోలు కూడా. నిండి అలాగే వదిలేస్తే కొత్త మెయిల్స్ లోపలికి రావు, ఆర్డర్ పంపినవాళ్లకి తిరిగి వెళ్లిపోతాయి.

ఐదో అడుగు: వారానికోసారి లోపలికి తొంగిచూడటం

శనివారం మధ్యాహ్నం ఒక గంట పెట్టుకోండి. విండోస్‌లోనే ఇందుకు రెండు మంచి సాధనాలున్నాయి, డబ్బు పెట్టక్కర్లేదు. స్టార్ట్ దగ్గర రిలయబిలిటీ అని కొడితే వ్యూ రిలయబిలిటీ హిస్టరీ వస్తుంది. తెరిస్తే రోజువారీ గ్రాఫు, ఏ రోజు ఏ ప్రోగ్రాం ఆగిపోయిందో ఎర్ర గుర్తులతో కనిపిస్తుంది. సాంకేతికం తెలియనివాళ్లకి ఇదే తేలిక. ఇంకా వివరం కావాలంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ నొక్కండి.

ఈవెంట్ వ్యూయర్ మొదటిసారి చూసినప్పుడు భయమేస్తుంది, ఎర్రవి, పసుపువి వందల్లో ఉంటాయి. బాగున్న సిస్టమ్‌లో కూడా ఉంటాయి, టెన్షన్ పడకండి. మూడింటినే వెతకండి. సోర్స్ అనే చోట డిస్క్ అని, నంబర్ 7తో బ్యాడ్ బ్లాక్ అని ఉంటే హార్డ్ డిస్క్ పోబోతోందని అర్థం, ఆ సాయంత్రమే డేటా మొత్తం కాపీ తీసుకుని కొత్త డిస్క్‌కి ఆర్డర్ పెట్టండి. కెర్నల్ పవర్ 41 అంటే సిస్టమ్ సరిగా షట్‌డౌన్ అవ్వకుండా ఆగి మళ్లీ లేచింది. వారంలో మూడు, నాలుగుసార్లు ఉంటే యూపీఎస్ వైపు చూడండి. సెక్యూరిటీ లాగ్‌లో 4625 అంటే తప్పు పాస్‌వర్డ్‌తో లాగిన్ ప్రయత్నం. ఒకటి, రెండు ఉంటే ఎవరో మర్చిపోయి కొట్టారు. రాత్రి రెండింటికి వరసగా వందల్లో ఉంటే బయట నుంచి ఎవరో ప్రయత్నిస్తున్నారు, వెంటనే ఏఎంసీ వాళ్లని పిలిచి బయట నుంచి రిమోట్‌గా లాగిన్ అయ్యే దారి తెరిచి ఉందేమో చూపించండి. మా సిస్టమ్‌లో హార్డ్ డిస్క్ పోవడానికి ముందు మూడు వారాల నుంచీ ఈ డిస్క్ హెచ్చరికలు పడుతూనే ఉన్నాయట, ఎక్కడ చూడాలో మాకు తెలియలేదు.

అప్‌డేట్లు ఆగిపోయాయేమో కూడా శనివారమే చూడాలి. 2017 మే 12న వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లని తాళం వేసినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. దానికి మందు మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. ఇప్పుడు మన పరిస్థితి చూస్తే, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీ ఆఫీసులో ఏ సిస్టమ్ ఇంకా దాని మీద ఉందో జాబితాలో గుర్తు పెట్టండి, బ్యాంకు పని, జీఎస్టీ పని చేసే సిస్టమ్‌లని ముందు మార్పించండి.

సీ డ్రైవ్‌లో ఖాళీ పదో వంతు కంటే తగ్గితే నేను ఆగను, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచి మొదలుపెడతాను. అక్కడ వాట్సాప్ నుంచి దించిన వీడియోలే ఎక్కువ ఉంటాయి.

ఆరో అడుగు: నెలకోసారి, బ్యాకప్‌ని నిజంగా తెరవడం

దీన్ని మాత్రం వాయిదా వేయకండి. బ్యాకప్ ఫైలు ఉండటం వేరు, అది తెరుచుకోవడం వేరు. నెలలో ఒక రోజు, మాకైతే 22 లేదా 23న, బ్యాకప్‌ని వేరే సిస్టమ్‌లోకి కాపీ చేసి అక్కడ రీస్టోర్ చేయండి. పొరపాటున అసలు డేటా మీద చేయకండి, ఈ మాట ఏఎంసీ కుర్రాడికి కూడా రెండుసార్లు చెప్పండి. తెరుచుకున్నాక ఆఖరి బిల్లు నంబరు, తారీఖు చూసి అసలు సిస్టమ్‌తో పోల్చండి. ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం సరిపోయిందా చూడండి. ఎంత సేపు పట్టిందో రాయండి. రేపు నిజంగా పోయినప్పుడు సార్ "ఎప్పటికి లేస్తుంది" అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఒక అంకె ఉంటుంది.

కాపీలు ఎన్ని ఉండాలి అంటే మూడు, రెండు రకాల చోట్ల, ఒకటి ఆఫీసు బయట. మేం రెండు పోర్టబుల్ హార్డ్ డిస్కులు పెట్టుకున్నాం. ఒకటి తగిలించి ఉంటే రెండోది పీకేసి బీరువాలో ఉంటుంది, సోమవారం మారుస్తాం. రెండూ ఎప్పుడూ తగిలించి ఉంచితే, డబ్బులడిగే వైరస్ వచ్చినప్పుడు అసలు డేటాతో పాటు వాటిని కూడా తాళం వేసేస్తుంది. మీది కంపెనీ చట్టం కింద రిజిస్టరైన సంస్థ అయితే కంప్యూటర్‌లో ఉంచే లెక్కల బ్యాకప్ మనదేశంలో ఉన్న సర్వర్‌లో రోజూ ఉండాలని 2022 ఆగస్టు సవరణలో ఉంది, మీ ఆడిటర్‌తో మాట్లాడి ఏ క్లౌడ్ వాడాలో తేల్చుకోండి. అలాగే 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. అది ఆన్‌లో ఉందో లేదో నెలకోసారి చూడటం కూడా మన పనే.

ఇక యూజర్ల జాబితా. టాలీలో, బిల్లింగ్‌లో, మెయిల్‌లో, బ్యాంకులో ఎవరెవరికి లాగిన్ ఉందో ప్రింట్ తీసి హాజరు పట్టికతో పక్కపక్కన పెట్టండి. మానేసినవాళ్ల పేర్లు కనిపిస్తాయి. 2023 మార్చిలో టీఎస్‌పీఎస్సీ ప్రశ్నపత్రాలు కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్ నుంచి లోపలివాళ్ల చేతుల మీదుగానే బయటికి వెళ్లాయని తేలి, గ్రూప్-1 ప్రిలిమ్స్ సహా పరీక్షలు రద్దయ్యాయి. ఏళ్ల తరబడి గదుల్లో కూర్చుని చదివిన పిల్లలు ఎంత ఏడ్చారో మన ఇళ్లల్లోనే చూశాం. ఎవరికి ఏది అవసరమో అదే ఇవ్వండి, మానేసిన రోజే, సెటిల్‌మెంట్ చెక్కు ఇచ్చే లోపే లాగిన్ తీసేయండి. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటే ఎడిట్ లాగ్ ఉన్నా ఉపయోగం లేదు, అన్నీ ఒకే పేరు మీద కనిపిస్తాయి.

మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. మనం పెట్టని అడ్రస్‌కి మెయిల్స్ కాపీ వెళ్తుంటే ఎవరో మన ఇన్‌బాక్స్ చదువుతున్నారు. సప్లయర్ పేరుతో "మా బ్యాంకు అకౌంట్ మారింది, ఇకపై దీనికి వేయండి" అనే మెయిల్ సరిగ్గా చెల్లింపు రోజే రావడానికి ఒక కారణం ఇదే. అలాంటి మెయిల్ వస్తే మన దగ్గర ముందు నుంచి ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి అడగండి, మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి చేయకండి.

సీసీ కెమెరాల్లో లైవ్ బొమ్మ వస్తోందని సరిపెట్టుకోకండి. రికార్డర్‌లోని డిస్క్ పోయినా లైవ్ వస్తూనే ఉంటుంది. పది రోజుల కిందటి ఒక మధ్యాహ్నం ఫుటేజీ వెనక్కి పెట్టి చూడండి. యూపీఎస్‌ని కూడా నెలకోసారి, అందరూ సేవ్ చేసి బయటికొచ్చాక, మెయిన్ స్విచ్ ఆపేసి ఫోన్‌లో టైము పెట్టి పరీక్షించండి. పద్దెనిమిది నిమిషాలు లాగేది ఆరుకి దిగితే బ్యాటరీలు అయిపోయాయి. మన ఎండలకి ఏసీ లేని మూల పెట్టిన బ్యాటరీ త్వరగా పోతుంది, మార్చి నెలలోనే చూసుకుంటే మే నెలలో కంగారుండదు.

ఏడో అడుగు: ఫిర్యాదుల రిజిస్టర్

ఇన్‌వర్డ్ రిజిస్టర్ లాగే ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు, ఎక్సెల్ అయినా సరే. తారీఖు, టైము, ఏ సిస్టమ్, ఎవరు చెప్పారు, స్క్రీన్ మీద ఏం వచ్చింది, ఏం చేశాం, ఎంతసేపట్లో సరైంది. టైము తప్పకుండా రాయండి. స్క్రీన్ మీద వచ్చిన మాటని ఫోన్‌లో ఫోటో తీసుకోండి, "ఏదో ఎర్రర్ వచ్చింది" అని రాస్తే రేపు దానికి అర్థం ఉండదు.

టైము ఎందుకంటే, మా బిల్లింగ్ కౌంటర్ సిస్టమ్ హ్యాంగ్ అవుతోందని రెండు నెలలు పోరాడాం. ర్యామ్ పెంచాం, ఫార్మాట్ కొట్టించాం, కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికి సరిగా వాడటం రాదని కూడా ఒకరిద్దరు అన్నారు, ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. రిజిస్టర్ మొదలుపెట్టిన మూడో వారంలో వరసగా రాసిన టైములు చూస్తే అన్నీ సాయంత్రం ఐదుకి, ఐదున్నరకి మధ్యే ఉన్నాయి. ఆ సిస్టమ్‌లో యాంటీవైరస్ ఫుల్ స్కాన్ రోజూ ఐదింటికి పెట్టి ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళకి మార్చాం, అయిపోయింది. ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు.

కాబట్టి ఎవరైనా వచ్చి ఫిర్యాదు చెప్తే విసుక్కోకండి. రెండుసార్లు విసుక్కుంటే మూడోసారి చెప్పరు, మనకి తెలిసే దారే మూసుకుపోతుంది.

ఆగిపోయినప్పుడు

కాగితం సిద్ధంగా ఉండాలి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ తప్పుగా వచ్చి ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయిన రోజున హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో అందరం చూశాం. చేత్తో రాసైనా ప్రయాణికుణ్ణి ఎక్కించారు. మీ ఆఫీసులో నంబర్లు వేసిన మాన్యువల్ బిల్లు పుస్తకం, ధరల ప్రింట్, ముఖ్యమైన ఫోన్ నంబర్ల కాగితం ఒక కవర్‌లో పెట్టి ఎక్కడుందో ముగ్గురికి చెప్పండి. నంబర్లన్నీ కంప్యూటర్‌లోనే ఉంటే కంప్యూటర్ పోయినప్పుడు ఎవరికి ఫోన్ చేస్తాం?

ఫైళ్ల పేర్లు మారిపోయి, డబ్బులడిగే నోటు స్క్రీన్ మీద కనిపిస్తే ముందు ఆ సిస్టమ్ నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి, బ్యాకప్ డిస్క్ తగిలించి ఉంటే తీసేయండి. కొత్త బ్యాకప్ డిస్క్ మాత్రం అప్పుడు దానికి తగిలించకండి. ఫార్మాట్ కొట్టేద్దాం అని తొందరపడకండి, ఏం జరిగిందో తెలిసే ఆధారాలు అందులోనే ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన ఆరు గంటల్లో వాళ్లకి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. డబ్బు పోయి ఉంటే నిమిషం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి బ్యాంకుకి కూడా చెప్పండి. ఆ డబ్బు ఇంకో అకౌంట్‌కి దాటకముందే ఆపగలిగితేనే వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది.

సార్‌కి ఎలా చెప్పాలి

నెలాఖరున ఒక్క పేజీ ఇవ్వండి. ఎన్నిసార్లు ఏది ఆగింది, మొత్తం ఎన్ని గంటలు పోయాయి, వచ్చే 60 రోజుల్లో ఏవేవి గడువు తీరుతున్నాయి, ఏం కొనాలి. "యూపీఎస్ బ్యాటరీలు మార్చాలి సార్" అని అడిగినప్పుడు నాకు మూడు నెలలు "చూద్దాం అమ్మా" అనే సమాధానమే వచ్చింది. "ఈ నెల కరెంటు పోయినప్పుడల్లా బిల్లింగ్ ఆగి మొత్తం నాలుగు గంటలు పోయింది, ఆ టైములో మామూలుగా 90 బిల్లులు కొడతాం" అని రాసిచ్చాక రెండు రోజుల్లో బ్యాటరీలు వచ్చాయి. ఆయనది పిసినారితనం కాదు, ముందు నేను చెప్పిన మాటలో ఆయనకి నష్టం కనిపించలేదు.

ఇంకొకటి స్పష్టంగా చెప్పాలి. సిస్టమ్స్ మీద నిఘా వేరు, మనుషుల మీద నిఘా వేరు. ఈ పని చేస్తుంటే అందరి హాజరు, జీతాలు, ఆధార్ కాపీలు, ఒక్కోసారి సొంత మెయిల్స్ కూడా మన కంటపడతాయి. అవసరానికి మించి తెరవకండి, ఎవరి సంగతి ఇంకొకరి దగ్గర అనకండి. ఏయే లాగ్‌లు చూస్తామో ముందే అందరికీ చెప్పి, నోటీసు బోర్డులో పెట్టండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉద్యోగుల వివరాలకి కూడా వర్తిస్తుంది. డెస్క్‌టాప్ మీద ఆధార్ అని ఫోల్డర్ పెట్టి అందులో అందరి కార్డులూ ఉంచే అలవాటు ఉంటే ఈ రోజే దాన్ని పాస్‌వర్డ్ ఉన్న చోటికి మార్చండి.

మీరు సెలవు పెట్టే ముందు పొద్దుటి పదిహేను నిమిషాల పని ఇంకొకరికి నేర్పండి, పక్కన కూర్చుని రెండు రోజులు వాళ్లతోనే చేయించండి. నేను పోయిన సంక్రాంతికి ఐదు రోజులు ఊరెళ్లాను. మా అకౌంట్స్ అక్క రోజూ తొమ్మిదీ నలభై ఐదుకి రిజిస్టర్ పేజీ ఫోటో తీసి పంపింది, మూడో రోజు బ్యాకప్ సైజు దగ్గర ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. తగిలించాల్సిన డిస్క్ బీరువాలోనే ఉండిపోయింది. ఫోన్‌లో చెప్పాను, పది నిమిషాల్లో తగిలించి మళ్లీ ఫోటో పంపింది.